కప్పు కాదు, పిల్లగాడు ముఖ్యం

మన పట్నంలో ‘కోచింగ్’ అన్న మాటకు ఇప్పుడు ఒక్కటే అర్థం మిగిలింది. ఐఐటీ కోచింగ్. గ్రూప్స్ కోచింగ్. ఎంసెట్ కోచింగ్. ఎంసెట్ పేరు మారి ఎప్‌సెట్ అయింది గని పిల్లల గోస మారలేదు. అమీర్‌పేట చౌరస్తాలో నిలబడి కోచింగ్ ఎక్కడ దొరుకుతదని అడగండి. పది చేతులు పది బిల్డింగులను చూపిస్తయి. ఒక్క చెయ్యి కూడా మైదానం దిక్కు లేవదు.

ఇదే పట్నంలో ఒకప్పుడు కోచింగ్ అంటే వేరు. పొద్దంతా బడిలో పిల్లలకు పాఠం చెప్పి, పొద్దుగూకే యాళ్లకు బంతి పట్టుకొని మైదానంలోకి దిగిన పంతులు ఒకాయన ఉండె. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. మన ఉస్మానియాలో చదువుకున్న మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే భారత జట్టు 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలబడ్డది. 1963 జూన్ 11న రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయిండు. ఆయన తర్వాత భారత జట్టు ఏషియన్ గేమ్స్ బంగారం మళ్లీ ముట్టలేదు.

అయితే ఆ కప్పుల లెక్క చెప్పుకొని మురిసిపోదామని ఈ నాలుగు ముక్కలు రాస్తలేం. ఎందుకు రాస్తున్నమో చెప్పాలంటే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలె.

మేమెవరం?

జూబ్లీహిల్స్ కొండ అంచున, ఫిలింనగర్ బస్తీల పిల్లలకు ఆదివారాలు, సెలవు దినాలు ఫుట్‌బాల్ నేర్పే చిన్న గుంపు మాది. మాలో ఇద్దరు సర్కారు ఉద్యోగులున్నరు. ఒక బడి పీఈటీ సార్ ఉన్నడు. యూనివర్సిటీ విద్యార్థులున్నరు. ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడి, కొలువుల పోరులో ఆటను అటకెక్కించినోళ్లున్నరు. మాకు బోర్డు లేదు. బ్యానర్ లేదు. బండలు ఏరి మేమే చదును చేసుకున్న జాగ ఒకటుంది. దాన్నే మైదానం అంటున్నం.

జూబ్లీహిల్స్ సంగతి చదివేటోళ్లకు తెలియంది కాదు. బండల గుట్టలు 1960ల నుంచి ప్లాట్లయినయి. 1970ల నుంచి స్టూడియోలు లేచినయి. మద్రాసు నుంచి తెలుగు సినిమా మెల్లమెల్లగా ఈ కొండ మీదికి వచ్చింది. ఫిలింనగర్ అనే ఊరే పుట్టింది. కొండ మీద బంగ్లాలు, కొండ పక్కన బస్తీలు. బంగ్లాల్లో ఉండేటోళ్లు తెర మీద కనపడుతరు. బస్తీల్లో ఉండేటోళ్లు ఆ తెర వెనుక పనిచేస్తరు. లైట్‌బాయ్, డ్రైవర్, మేకప్ అసిస్టెంట్, జూనియర్ ఆర్టిస్టు, ఫైటర్. మా దగ్గరికి వచ్చే పిల్లలు వీళ్ల పిల్లలే.

ఈ కొండ మీద ఇప్పుడు బంతాటకు కొదవ లేదు. నకిలీ గడ్డి పరిచిన టర్ఫ్‌లు వచ్చినయి. జాలీ కట్టి, లైట్లు పెట్టి, గంటకింత అని కిరాయి తీసుకుంటరు. అకాడమీలు వచ్చినయి. నెలకింత ఫీజు, రెండు జతల డ్రెస్సు, ఒక బ్యాగు. తప్పులేదు. ఆడుకోనియ్యి. కానీ ఆ జాలీకి ముక్కు ఆనించి బయట నిలబడి చూసే పిల్లలు కొందరుంటరు. వాళ్ల కోసం మేము మొదలుపెట్టినం. మంచి పని చేస్తున్నమన్న గర్వం కూడా మాకుండె. ఆ గర్వమే మా కండ్లు మూసింది.

‘సార్, మనం గెలిచినమా?’

కొన్నేండ్ల కిందటి ఎండకాలం సంగతి. బస్తీల జట్ల నడుమ ఒక టోర్నమెంటు. మా జట్టు సెమీస్ దాకా పోయింది. మా పన్నెండేండ్ల పిల్లగాడొకడు కార్నర్ బంతికి ఎగిరిండు. ఎదుటి పిల్లగాడు కూడా ఎగిరిండు. తలకాయ తలకాయ కొట్టుకున్న చప్పుడు గీత అవతల నిలబడ్డ మాకు వినపడ్డది. మావోడు కింద పడ్డడు. కొద్దిసేపు కదలలేదు.

మేము ఉరికినం. మొఖం మీద నీళ్లు చల్లినం. ‘ఏం కాలేదు, షేర్‌వి రా నువ్వు’ అన్నం. వాడు లేచి నిలబడ్డడు. చుట్టూ ఈలలు, చప్పట్లు. మా దగ్గర మార్చటానికి ఇంకో పిల్లగాడు ఉన్నడు గని వీడే మంచిగ ఆడుతడు. మళ్లీ దింపినం. మిగిలిన పది నిమిషాలు ఆడిండు. గెలిచినం.

ఆటోలో ఇంటికి వస్తుంటే వాడు అడిగిండు: ‘సార్, మనం గెలిచినమా?’

మేము నవ్వినం. వాడు మళ్లీ అడిగిండు. మూడోసారి అడిగినప్పుడు మా నవ్వు ఆగిపోయింది. కొద్దిసేపటికి వాంతి చేసుకున్నడు. దవాఖానకు ఉరికినం. తల స్కానింగ్ తీసి, ఆ రాత్రి ఉంచుకున్నరు. పొద్దుగాల ‘మీ అదృష్టం బాగున్నది, లోపల రక్తం కారలేదు’ అన్నడు డాక్టరు. ‘తల దెబ్బ తగిలిన పిల్లగాన్ని మళ్లీ ఆటలోకి ఎవరు పంపిన్రు?’ అని కూడా అడిగిండు. మేమందరం నేల చూపులు చూసినం.

వాళ్లమ్మ బంగ్లాల్లో పనిచేస్తది. మమ్ములను తిట్టలేదు. ‘మీరున్నరని పంపిన సార్’ అన్నది. ఆ ఒక్క మాట తిట్టు కన్న గట్టిగ తగిలింది. మాకు ఆట తెలుసు. పిల్లలను చూసుకునుడు తెలియదు. ఆ రోజు నుంచి నేర్చుకోవటం మొదలుపెట్టినం. నేర్చుకున్నదాంట్లో కొంత ఇక్కడ చెప్తున్నం.

తలకు కుట్లతో ఆడిన వీరుని కథ

ఆ రోజు మేమెందుకట్ల చేసినం? ఎందుకంటే మేము విన్న కథలన్నీ అట్లాంటివే. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డయి. అయినా రహీం సాబ్ ఆయనను సెమీఫైనల్లో, ఫైనల్లో ముందు వరుసలో ఆడించిండు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం 2-1తో గెలిస్తే అందులో ఒక గోల్ పి.కె.బెనర్జీది, రెండోది తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ కొట్టింది. ఈ కథ విన్న ప్రతిసారి మా రోమాలు నిక్కబొడుచుకుంటయి.

కానీ ఒక్కసారి ఆలోచించండి. అది 1962. ఆడింది ఎదిగిన మనిషి. తెలిసి ఒప్పుకొని దిగిన మనిషి. తల దెబ్బ గురించి డాక్టర్లకు కూడా అప్పుడు ఇంత తెలియదు. ఆ కథను తెచ్చి పన్నెండేండ్ల పిల్లగాని నెత్తి మీద పెట్టే హక్కు మనకు ఎవరిచ్చిన్రు? రహీం సాబ్‌ను మొక్కుడు వేరు, 60 ఏండ్ల కిందటి వైద్యాన్ని పట్టుకొని వేలాడుడు వేరు.

ఇప్పుడు ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం ఒకటే. తలకు దెబ్బ తగిలి కండ్లు బైర్లు కమ్మినా, తలనొప్పి వచ్చినా, వాంతి వచ్చినా, అడిగిందే అడిగినా, నడక తడబడ్డా ఆ పిల్లగాన్ని ఆ రోజు మళ్లీ ఆటలోకి పంపొద్దు. అనుమానమున్నా సరే, బయట కూసోబెట్టాలె. డాక్టరుకు చూపించాలె. తర్వాత కూడా ఒక్కసారే దింపొద్దు. ముందు బడికి పోవాలె, తర్వాత నడక, తర్వాత పరుగు, తర్వాత బంతి, చివరకు మ్యాచ్. తల లోపలి దెబ్బ మానక ముందే ఇంకో దెబ్బ తగిలితే పిల్లల ప్రాణమే పోవచ్చు.

తలతో బంతి కొట్టుడు గురించి కూడా తెలుసుకోవాలె. 2019లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులు తీసి చూసిన్రు. మతిమరుపు లాంటి మెదడు జబ్బులతో చనిపోయే ప్రమాదం మామూలు మనుషుల కన్న వాళ్లకు మూడున్నర రెట్లున్నదని తేల్చిన్రు. అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లోనే పదేండ్లు, అంతకన్న చిన్న పిల్లలకు హెడ్డింగ్ వద్దన్నది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లు 2020లో ప్రైమరీ బడి వయసు పిల్లలకు ప్రాక్టీసులో హెడ్డింగ్ నేర్పొద్దని చెప్పినయి. మేము కూడా చిన్నోళ్లకు హెడ్డింగ్ బంద్ చేసినం. ఆట ఏమీ తక్కువ కాలేదు. బంతి నేల మీద ఉంటే కాలికి పని ఎక్కువ దొరికింది.

స్టూడియోలో తాడు, బస్తీలో దేవుడు

మా పిల్లల్లో ఒకని తండ్రి సినిమా ఫైట్లలో తాళ్లు కట్టే పనిచేస్తడు. ఒక ఆదివారం మా గోల్‌పోస్టును చూసి ఆయన ఒక మాటన్నడు: ‘సార్, హీరో గాల్లో లేచే షాట్‌కు ముందు మేము తాడును మూడుసార్లు గుంజి చూస్తం. కింద పరుపులు వేస్తం. దుంకేది డూపే అయినా వేస్తం. మీ గోల్‌పోస్టును ఎన్నడన్న ఎవరన్న గుంజి చూసిన్రా?’

గుంజి చూసినం. ఊగింది. ఇనుప పైపులు వెల్డింగ్ చేసి నిలబెట్టినదే గని నేలకు పట్టు లేదు. పిల్లలు దాని అడ్డకమ్మీ పట్టుకొని ఉయ్యాల ఊగుతరు. అది ముందుకు తూలితే అంత బరువూ వాళ్ల తల మీదనో ఛాతీ మీదనో పడుతది. అమెరికాలో ఇట్ల కదిలే గోల్‌పోస్టులు మీదపడి 1979 తర్వాత మూడు దశాబ్దాల్లో ముప్పయ్‌మందికి పైగా చనిపోయిన్రు. ఎక్కువ మంది పిల్లలే. దీనికి మందు ఖరీదైందేం కాదు. వెనుక కాళ్లను మేకులతో నేలకు దిగగొట్టాలె, లేకుంటే ఇసుక బస్తాలు వెయ్యాలె. ఆట అయినంక పడుకోబెట్టి గొలుసు వెయ్యాలె. వేలాడొద్దని పిల్లలకు చెప్పాలె. ఆడే ముందు పెద్దోళ్లే గుంజి చూడాలె. అంతే.

డూపుకు పరుపులేసే ఊరిది. అదే ఊర్లో పిల్లగానికి మాత్రం దేవుడే దిక్కు అంటే ఎట్ల?

ఎండ సంగతి కూడా అట్లనే. బడులకు సెలవులిచ్చేది ఎండకాలంలో. సమ్మర్ క్యాంపులు పెట్టేది ఎండకాలంలో. మన పట్నంలో మే నెలలో 40 డిగ్రీలు దాటుడు మామూలే. నకిలీ గడ్డి అసలు గడ్డి కన్న చాలా ఎక్కువ వేడెక్కుతది. ఎండ, ఉక్క రెండూ కలిపి కొలిచే లెక్కలో 32 డిగ్రీలు దాటితే ప్రపంచకప్పు ఆటగాళ్లకే నడుమ నీళ్ల విరామం ఇయ్యాలని ఫిఫా చెప్తది. మన పిల్లలకేమో ‘మ్యాచ్ అయినంకనే నీళ్లు’ అంటం. నీళ్లు తాగితే కడుపులో పట్టుకుంటదన్న పాత మాటను మేము కూడా నమ్మినం. అది తప్పు. పొద్దున 8 లోపట, సాయంత్రం 5 తర్వాతనే ఆడియ్యాలె. పావుగంటకోసారి దూప ఉన్నా లేకున్నా నీళ్లు తాగియ్యాలె. మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ పేరు పెట్టి అమ్మే తియ్యటి డబ్బాలను నమ్మొద్దు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ ఒకామె ఏండ్ల తరబడి కొట్లాడితే 2025 అక్టోబరులో కేంద్ర ఆహార సంస్థ ఆ పేరు వాడుకోవద్దని ఆజ్ఞ వేసింది. ఎండలో ఆడుతున్న పిల్లగాడు తిక్కతిక్కగ మాట్లాడినా, తూలినా అది నాటకం కాదు, వడదెబ్బ. నీడకు తెచ్చి, ఒంటి మీద నీళ్లు పోసి, దవాఖానకు ఉరకాలె.

ఇంకొకటి గుండె. 2004 డిసెంబర్ 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో గోవా డెంపో జట్టుకు ఆడిన బ్రెజిల్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొట్టి కుప్పకూలిండు. బతకలేదు. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ అట్లనే కూలిండు. వెంటనే ఛాతీ ఒత్తిన్రు, గుండెకు షాక్ ఇచ్చిన్రు. బతికిండు. 2022లో మళ్లీ మైదానంలోకి దిగిండు. ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగ ఒత్తుడు నేర్చుకోవటానికి ఒక్క పూట చాలు. 108 అంబులెన్స్ పుట్టింది మన దగ్గరనే, 2005 ఆగస్టు 15న. ఆ బండి వచ్చేదాకా పిల్లగాని గుండెను నడిపించే చేతులు మైదానం మీద ఉండాలె. కోచ్ అన్న ప్రతి మనిషికి ఇది రావాలె. మాలో ఇప్పుడు అందరికీ వస్తది.

రహీం సాబ్ బడిలో ఏం నేర్పిన్రు?

ఇన్ని జాగ్రత్తలు పెడితే పిల్లలు మెతకపడుతరని, ఆట ఎప్పుడు నేర్చుకుంటరని కొందరు అడిగిన్రు. మా అనుభవం ఉల్టా. భయం పోయినంకనే మా పిల్లలకు ఆట వచ్చింది.

రహీం సాబ్‌నే చూడండి. డ్రిబ్లింగ్ చెయ్యొద్దన్న షరతుతో ఆయన ప్రత్యేకంగా టోర్నమెంట్లు పెట్టిండు. బంతిని ఒక్క తన్నుతో తోటివానికి అందియ్యాలె. ఎందుకు? ఒక్కడే మొనగాడు కావొద్దు, తల ఎత్తి చూసుడు అలవాటు కావాలె అని. వాటం లేని కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా పెట్టిండు. రెండు కాళ్లూ పనికి రావాలె అని. ఇది తన్నులతో, తిట్లతో వచ్చే విద్య కాదు. పోటీ రూపాన్నే మార్చి, పిల్లగాడు తనకు తెలియకుండానే నేర్చుకునేటట్టు చేసిన పంతులు బుద్ధి అది.

అమ్ముగూడ నుంచి వచ్చిన పేదింటి పిల్లగాడు తులసీదాస్ బలరాం. బూట్లకు పైసల్లేవు, పట్నం దాకా రావటానికి బండి లేదు. సైకిల్ కిరాయికి రహీం సాబే పైసలిచ్చిండని చెప్పుకుంటరు. ఆ పిల్లగాడు 1956, 1960 ఒలింపిక్స్ ఆడిండు. 1962 బంగారు జట్టులో ఉన్నడు. 2023లో కన్నుమూసేదాకా ఈ దేశం గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకనిగా పేరు నిలుపుకున్నడు. కోచ్ అంటే ఎవడు? ఉన్నోళ్లలో ఎత్తుగున్నోన్ని ఏరుకునేటోడా, రాలేనోడు ఎందుకు రాలేకపోతున్నడో కనుక్కునేటోడా?

మేము నేర్చుకున్న రెండో పాఠం ఇది. ఎనిమిదేండ్ల పిల్లలను 11 మంది చొప్పున పెద్ద మైదానంలో వదిలితే బలమైనోళ్లు ఇద్దరు ముగ్గురు ఆడుతరు. మిగిలినోళ్లు నిలబడుతరు. అయిదుగురు చొప్పున చిన్న జాగలో, చిన్న బంతితో ఆడిస్తే ప్రతి పిల్లగాని కాలికీ బంతి తగులుతది. ఎనిమిదేండ్ల లోపు వాళ్లకు 3వ నంబరు బంతి, పన్నెండు దాకా 4వ నంబరు, ఆ తర్వాతనే 5వ నంబరు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కూడా 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ పేరుతో చిన్న జట్ల ఆటనే ప్రోత్సహించింది. మా దగ్గర వచ్చిన ప్రతి పిల్లగాడు సగం ఆటన్నా ఆడాలె. ఎప్పుడూ ఒక్కడే గోల్‌కీపర్‌గా నిలబడొద్దు. పన్నెండేండ్లకే ‘నువ్వు డిఫెండర్‌వి’ అని ముద్ర వెయ్యొద్దు.

ఆటకు ముందు ఒళ్లు వేడి చేసుకునే వరుస కూడా ఒకటున్నది. ఫిఫా డాక్టర్లు ‘11 ప్లస్’ పేరుతో తయారు చేసిన్రు. పిల్లల కోసం వేరేగా ఉన్నది. ఒంటికాలి మీద నిలబడుడు, దుంకి మోకాలు వంచి దిగుడు, పడుడు నేర్చుకునుడు. పావుగంట పని. పైస ఖర్చు లేదు. నాలుగు యూరప్ దేశాల్లో పిల్లల మీద జరిగిన పెద్ద పరిశోధనలో ఇది చేసిన జట్లకు దెబ్బలు దాదాపు సగం తగ్గినయి. మా పీఈటీ సార్ మొదట నవ్విండు. ఇప్పుడు ఆయనే ముందు నిలబడి చేయిస్తున్నడు.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా అవసరం. మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం ఆడపిల్లలకు మగపిల్లల కన్న రెండు రెట్లకు పైగా ఉంటదని డాక్టర్లు చెప్తరు. నిజామాబాద్ జిల్లా లంబాడీ బిడ్డ సౌమ్య గుగులోత్ దేశానికి ఆడింది. 2022లో క్రొయేషియా దేశపు డినామో జాగ్రెబ్ క్లబ్బు దాకా పోయింది. ఆమెను చూసి మా బస్తీ ఆడపిల్లలు కూడా వచ్చిన్రు. వచ్చినంక తెలిసింది, మా జాగలో వాళ్లకు బాత్‌రూమ్ లేదని, నేర్పేటోళ్లందరం మగోళ్లమేనని. ఇప్పుడు మాతో ఒక విద్యార్థిని కూడా నేర్పుతున్నది. ఏ పిల్లనూ పిల్లగాన్నీ ఒక్క పెద్దమనిషితో ఒంటరిగా ఉంచం. తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు. పిల్లలకు కోచ్‌లు ఫోన్లలో సొంతంగా మెసేజ్‌లు పెట్టరు. దీన్ని అవమానం అనుకునే కోచ్ ఉంటే ఆయన వేరే పని చూసుకుంటే మంచిది. పోక్సో చట్టం 2012లో ఊరికే రాలేదు.

తెర మీది కోచ్, గీత మీది కోచ్

ఫిలింనగర్‌లో ఉండి సినిమా మాట ఎత్తకుండా ఎట్ల? రహీం సాబ్ కథను 2024లో ‘మైదాన్’ పేరుతో హిందీలో తీసిన్రు. అజయ్ దేవ్‌గణ్ రహీం అయిండు. ఈ కొండకు కొన్ని మైళ్ల దూరంలో బతికిన పంతులు కథ బొంబాయోళ్లకు దొరికింది గని మన స్టూడియోలకు దొరకలేదు. అయితే ఒక్క సినిమాను మాత్రం మెచ్చుకోవాలె. 2011లో ఇంద్రగంటి మోహనకృష్ణ తీసిన ‘గోల్కొండ హైస్కూల్’. బడి మైదానాన్ని ఐఐటీ కోచింగ్ సెంటరు చేద్దామంటే పిల్లలు ఆడి నిలబెట్టుకునే కథ. ఆట క్రికెట్టే అయినా బాధ మనదే. సినిమాలో మైదానం మిగిలింది. బయట ఎన్ని మిగిలినయి?

సినిమాల్లో కోచ్ అరుస్తడు. చెంప పగలగొడుతడు. నెత్తురు కారుతున్నా పోరడు లేచి గోల్ కొడుతడు. కప్పు వస్తది, పాట వస్తది. తెర మీద నెత్తురు రంగు నీళ్లు. మైదానం మీద నెత్తురు నెత్తురే. తెర మీది దెబ్బ రెండో షాట్‌కు మానుతది. మైదానం మీది దెబ్బ పిల్లగాని వెంట బడికి వస్తది, ఇంటికి వస్తది, ఒక్కోసారి జీవితమంతా వస్తది.

ఇంకో సంగతి. 2019లో హైదరాబాద్ పేరు మీద ఐఎస్ఎల్ జట్టు వచ్చింది. గచ్చిబౌలిలో ఆడింది. 2022లో ఛాంపియన్ కూడా అయింది. మనం గంతులేసినం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి పోయింది, పేరు కూడా మారింది. కొనుక్కున్న జట్టు అట్లనే పోతది. ఇక్కడి గల్లీలో తయారైన పిల్లగాడు, వానికి నేర్పిన పద్ధతి మాత్రం ఎక్కడికీ పోవు. అవి ఈ నేల ఆస్తి.

మనమేం చెయ్యాలె?

సర్కారును అడగాల్సినయి అడుగుదాం. ప్రతి డివిజన్‌లో పిల్లలకు కిరాయి లేని మైదానం కావాలె. యూసుఫ్‌గూడలో కోట్ల విజయభాస్కర రెడ్డి పేరు మీద ఇండోర్ స్టేడియం ఉన్నది. మంచిదే. కానీ కప్పు కింద బంతాట ఆడలేం కదా. ఖాళీ జాగ కనపడితే కమర్షియల్ కాంప్లెక్సు అనే ఆలోచన 2014 జూన్ 2కు ముందు ఉండె. తర్వాత కూడా ఉన్నది. రాష్ట్రం తెచ్చుకున్నది పిల్లలకు ఆడుకునే జాగ కూడా లేకుండ చేసుకోవటానికి కాదు. ఫీజు తీసుకునే ప్రతి అకాడమీలో ప్రథమ చికిత్స తెలిసిన మనిషి ఉండాలని, గోల్‌పోస్టులు నేలకు బిగించాలని, కోచ్‌కు కనీసం సమాఖ్య ఇచ్చే ప్రాథమిక కోచింగ్ సర్టిఫికెట్ ఉండాలని ఒక్క జీవో ఇయ్యమందాం.

కానీ జీవో వచ్చేదాకా పిల్లలు పెరుగుడు ఆపరు. విద్యార్థి తమ్ముళ్లు, చెల్లెండ్లు ఆలోచించండి. వారానికి ఒక్క పూట మీ దగ్గరి బస్తీకి పోండి. ఉద్యోగ మిత్రులారా, సకల జనుల సమ్మెలో 42 దినాలు నిలబడ్డ మీకు ఆదివారం రెండు గంటలు లెక్క కాదు. తల్లిదండ్రులు కూడా అకాడమీలో చేర్పించేటప్పుడు ‘ఎన్ని కప్పులు గెలిచిన్రు’ అని అడగకండి. ‘మా బిడ్డకు తల దెబ్బ తగిలితే ఏం చేస్తరు? నీళ్లు ఎప్పుడిస్తరు? గోల్‌పోస్టు బిగించిన్రా? అందరినీ ఆడిస్తరా?’ అని అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే బిడ్డను ఇంటికి తోల్కరండి.

మా పిల్లగాడు కోలుకున్నడు. మూడు వారాలు బంతి ముట్టనియ్యలేదు. గీత పక్కన కూసొని చిన్నోళ్లకు బంతులు అందించిండు. అలిగిండు, ఏడ్చిండు. ‘నాకేం కాలేదు సార్’ అన్నడు. మేము ఊఁ అనలేదు. డాక్టరు సరే అన్నంకనే దింపినం. ఆ ఏడు మా జట్టు ఏ కప్పూ గెలవలేదు. ఇప్పుడు వాడు డిగ్రీ చదువుతున్నడు. ఆదివారం ఆదివారం వచ్చి మాతో పాటు చిన్న పిల్లలకు నేర్పుతున్నడు. ఆట మొదలు కాకముందు అందరి కన్న ముందు పోయి గోల్‌పోస్టును గుంజి చూసేది వాడే.

‘మీరున్నరని పంపిన’ అన్న ఆ తల్లి మాటకు మా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. కానీ ఆదివారం మైదానానికి వచ్చిన పిల్లలందరూ సాయంత్రం నిండుగ ఇంటికి పోతున్నరు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నరు. ప్రస్తుతానికి అదే మా కప్పు.